ఫోమ్ డ్రమ్ములు తీసేసే ముందు: సాల్వెంట్ ఫ్యాక్టరీలో నీళ్లు లేని అగ్నిరక్షణకు సమగ్ర మార్గదర్శి

ఫోమ్ డ్రమ్ము మీద ‘3 శాతం’ అని రాసి ఉంటుంది. మూడు లీటర్ల ఫోమ్ మందుకు తొంభై ఏడు లీటర్ల నీళ్లు కలపాలని అర్థం. మనం ఫోమ్ వ్యవస్థ అని పిలిచేదాంట్లో ఎక్కువ భాగం నీళ్ల వ్యవస్థే. ట్యాంకు, పంపు, కిలోమీటర్ల పైపు అన్నీ సరిగ్గా ఉంటేనే చివర్లో నురగ వస్తుంది. వాడేశాక ఆ నీళ్లన్నీ సాల్వెంటును (అంటే ఫ్యాక్టరీలో వేరే పదార్థాలను కరిగించడానికి వాడే ద్రవాన్ని), నురగను మోసుకుంటూ ఎక్కడికో పారాలి. 2005 డిసెంబరులో ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డ్ ఆయిల్ డిపో తగలబడినప్పుడు మంటలు కొద్ది రోజుల్లో ఆరాయి కానీ, ఫోమ్ రసాయనాలు భూగర్భజలంలోకి దిగి చాలాకాలం తలనొప్పి తెచ్చాయి.

ఆ రసాయనాల పేరు పీఫాస్. ఫ్లోరిన్ ఉండి, ప్రకృతిలో సులువుగా విరగని రసాయనాల కుటుంబం ఇది. 1960లలో అమెరికా నౌకాదళం, త్రీఎమ్ కంపెనీ కలిసి తయారుచేసిన ఏఎఫ్ఎఫ్ఎఫ్ (మండే ద్రవం మీద పలుచటి పొరలా పరుచుకునే రకం) ఫోమ్‌కు బలం వాటివల్లే వచ్చింది. ఇప్పుడు అదే ఫోమ్ మెడకు చుట్టుకుంది. ప్రకృతిలో విరగని హానికర రసాయనాలను కట్టడి చేసే స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాలో, ఈ కుటుంబం నుంచి 2009లో పీఫోస్, 2019లో పీఫోవా, 2022లో పీఎఫ్‌హెచ్ఎక్స్ఎస్ చేరాయి. పీఫోవా మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2023లో తేల్చింది. అందుకే జీడిమెట్ల, పాశమైలారం నుంచి పరవాడ, అచ్యుతాపురం దాకా బల్క్‌డ్రగ్ (ఔషధాల ముడిసరుకు) యూనిట్లలో పనిచేసే సేఫ్టీ వాళ్లు “ఫోమ్ బదులు ఏం పెట్టుకోవాలి?” అని అడుగుతున్నారు. ఈ మార్గదర్శి వాళ్ల కోసమే. వేల కిలోలీటర్ల ట్యాంకులున్న ఆయిల్ టెర్మినళ్ల లెక్క వేరు. వాటి సంగతి మధ్యలో ఒకసారి వస్తుంది.

మొదటి అడుగు: ఫోమ్ ఏ పని చేస్తోందో తెలుసుకోండి

మండే ద్రవం మీద ఫోమ్ దుప్పటిలా పరుచుకుని గాలిని ఆపుతుంది. అందులోని నీళ్లు ద్రవాన్ని, చుట్టూ ఉన్న ఇనుమును చల్లారుస్తాయి. మంట ఆరాక కూడా ఆ దుప్పటి కొంతసేపు ఉండి ఆవిరి పైకి రాకుండా చూస్తుంది. చాలామంది మరిచిపోయేది ఈ చివరి పనినే.

నీళ్లు లేని మందుల్లో ఈ మూడూ చేసేది ఒక్కటీ లేదు. డ్రై కెమికల్ పౌడర్, అదే మన డీసీపీ, మంటలోని రసాయన గొలుసును తెంచుతుంది. కళ్ల ముందే మంట మాయమవుతుంది. కానీ చల్లబరచదు, కప్పి ఉంచదు. కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ లాంటి వాయువులు ఆక్సిజన్‌ను తగ్గిస్తాయి. గదిలో అవి నిలిచినంతసేపే ఆ రక్షణ.

ఈ తేడా నాకు ఒక డ్రిల్‌లో తెలిసొచ్చింది. ఇనుప ట్రేలో టొలుయిన్ పోసి అంటించాం. రెండు నిమిషాలు మండనిచ్చాక కుర్రాడొకడు డీసీపీతో చక్కగా ఆర్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగకముందే ట్రే అంచు దగ్గర భగ్గుమని మళ్లీ అంటుకుంది. ఇనుము కాలి ఉంది, ఆవిరి వస్తూనే ఉంది, సిలిండర్ మాత్రం ఖాళీ. ఆ రోజు నుంచి ఏ చోట డీసీపీ పెట్టినా, “మళ్లీ అంటుకుంటే రెండోది ఎక్కడుంది?” అని అడగడం అలవాటైంది.

రెండో అడుగు: ప్లాంటు మొత్తం కాలినడకన తిరిగి రాసుకోండి

డ్రాయింగు చూసి రాస్తే సగం విషయాలు దొరకవు. నోట్‌బుక్ పట్టుకుని తిరగండి. సాల్వెంట్ ఉన్న ప్రతి చోటా ఏ ద్రవం, ఎంత, మూత ఉందా, గదికి నాలుగు గోడలూ తలుపూ ఉన్నాయా, మనుషులు ఎంతసేపు ఉంటారు, దగ్గరలో కాలే వస్తువు ఏముంది అన్నవి రాయండి. రాత్రి షిఫ్టులో ఇంకోసారి తిరగండి. పగలు మూసి ఉండే తలుపులు రాత్రి ఇటుకరాయి అడ్డుపెట్టి తెరిచి ఉంటాయి. గ్యాస్ వ్యవస్థకు ఆ ఇటుకరాయే అసలు శత్రువు.

ఫ్లాష్ పాయింట్లు, అంటే ద్రవపు ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనీస ఉష్ణోగ్రతలు కూడా పక్కన రాసుకోండి. ఎసిటోన్‌కు సున్నా కంటే దాదాపు 20 డిగ్రీలు కింద, టొలుయిన్‌కు 4 డిగ్రీలు, మెథనాల్‌కు 11 డిగ్రీల దగ్గర. మన వాతావరణంలో ఇవి ఏడాది పొడవునా అంటుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టే. మెథనాల్ మంట పగటి వెలుతురులో సరిగా కనబడదు. “మంటేదీ లేదుగా” అనుకుంటూ అందులోకి నడిచే ప్రమాదం ఉంది.

ఇక్కడ ఇంకో సంగతి బయటపడుతుంది. ఎసిటోన్, మెథనాల్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) లాంటి నీళ్లలో కలిసే సాల్వెంట్లు మామూలు ఏఎఫ్ఎఫ్ఎఫ్‌ను తాగేస్తాయి. వాటికి ఆల్కహాల్ తట్టుకునే రకం ఫోమ్ కావాలి. ఆ సాల్వెంట్లే ఎక్కువగా వాడే చోట మామూలు ఫోమ్ ట్రాలీ ఉందంటే, మీరు పోగొట్టుకుంటామని భయపడుతున్న రక్షణ అసలు లేనే లేదన్నమాట.

అమెరికా పుస్తకాలు, కేటలాగులు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. అక్కడ ‘క్లాస్ సి’ అంటే కరెంటు మంట. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 2190 ప్రకారం క్లాస్ ఏ అంటే చెక్క, కాగితం లాంటి వాటి మంట, క్లాస్ బి అంటే ద్రవాల మంట, క్లాస్ సి అంటే గ్యాస్ మంట. ఆన్‌లైన్‌లో దొరికిన చార్టును ప్రింటు తీసి గోడకు అంటించే ముందు ఇది చూసుకోండి.

మూడో అడుగు: ఆర్పే మందు కొనేలోపు నైట్రోజన్ సరిచేయండి

నన్నడిగితే ఖర్చులో సగం ఇక్కడే పెట్టాలి. ఫోమ్‌కు అసలైన ప్రత్యామ్నాయం మంటే పుట్టకుండా చేయడం.

చాలా సాల్వెంట్ల ఆవిరి, నైట్రోజన్ కలిసిన గాలిలో ఆక్సిజన్ 9 నుంచి 12 శాతం కంటే తగ్గితే అంటుకోదు. టొలుయిన్‌కు ఈ హద్దు దాదాపు 9.5, మెథనాల్‌కు 10, ఎసిటోన్‌కు 11.5. ఆక్సిజన్ మీటర్ పెట్టి నిరంతరం చూసుకోగలిగితే హద్దుకు కనీసం రెండు శాతం కింద ఉంచాలి. మీటర్ లేకపోతే హద్దులో 60 శాతం దాటనివ్వకూడదు. టొలుయిన్ విషయంలో అది 5.7 శాతం.

ఎక్కువ ఇబ్బంది సెంట్రిఫ్యూజ్ (వేగంగా తిప్పి సాల్వెంటును పిండేసే యంత్రం) దగ్గరే. తడి కేకు, తిరిగే బాస్కెట్, స్టాటిక్ కరెంటు, ప్రతి బ్యాచ్‌కూ తెరుచుకునే మూత, అన్నీ అక్కడే కలుస్తాయి. లోపలి ఖాళీ 1,000 లీటర్లు అనుకుందాం. మూత వేశాక 21 శాతం ఆక్సిజన్‌ను 5 శాతానికి దించాలంటే, గాలి, నైట్రోజన్ బాగా కలిసిపోతాయనుకుంటే, సుమారు ఒకటిన్నర ఘనపు మీటర్ల నైట్రోజన్ కావాలి. నిజంలో మూలల్లో గాలి చిక్కుకుంటుంది కాబట్టి దానికి రెట్టింపు వేసుకోండి. ఆక్సిజన్ దిగేదాకా మోటార్ తిరగకుండా ఆపే ఇంటర్‌లాక్ ఉండాలి. బ్యాచ్ ఆలస్యమవుతోందన్న టెన్షన్‌లో షిఫ్టు వాళ్లు ఆ ఇంటర్‌లాక్‌ను బైపాస్ చేయడం మామూలే. అందుకే బైపాస్ తాళంచెవి ప్రొడక్షన్ వాళ్ల దగ్గర ఉండకూడదు.

రియాక్టర్లకు, స్టోరేజి ట్యాంకులకు బ్లాంకెటింగ్ (ద్రవం పైనున్న ఖాళీని నైట్రోజన్‌తో నింపి ఉంచడం) కూడా ఇదే లెక్క. నైట్రోజన్ ప్లాంటు ఆగినప్పుడు మేల్కొలిపే అలారం ఉందో లేదో ఈ రోజే అడగండి.

నైట్రోజన్‌కు రంగు, వాసన లేవు. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గిన చోటు మనిషికి సురక్షితం కాదు. పూర్తి నైట్రోజన్ ఉన్న పాత్రలోకి తల దూర్చితే రెండు మూడు శ్వాసల్లో స్పృహ పోతుంది. ఒకడిని కాపాడబోయి ఇంకొకడు పడిపోయే ప్రమాదాలు ఇలాంటివే. మ్యాన్‌హోల్ దగ్గర బోర్డు ఒక్కటే చాలదు, పర్మిట్, గ్యాస్ టెస్ట్ తప్పనిసరి.

నాలుగో అడుగు: మంటను చిన్నదిగా ఉంచే నిర్మాణం

డ్రమ్ము యార్డును ఒకే పెద్ద తొట్టిలా ఉంచితే ఒక్క డ్రమ్ము చిట్లినా యార్డంతా మంటే. మధ్యలో చిన్న గట్లు వేసి గదులుగా విడగొట్టండి. ఒలికిన ద్రవం వాలుకు పారి, డ్రమ్ములకు దూరంగా ఉన్న మూసిన గుంటలోకి చేరేలా చూడండి. డీసీపీతో ఆర్పగలిగేది చిన్న మంటనే. మంట చిన్నగా ఉండాలంటే గచ్చు పనివాడి పనే ముఖ్యం.

ఐదో అడుగు: చోటుకు తగిన మందు

*అన్‌లోడింగ్ బే, డ్రమ్ము యార్డు, బయటి పంపులు.* గాలి వీచే చోట వాయువు నిలవదు కాబట్టి డీసీపీ వాడాలి. సోడియం బైకార్బనేట్ పొడి బీసీ మంటలకు, అంటే ద్రవాల, గ్యాసుల మంటలకు. పొటాషియం బైకార్బనేట్ దానికంటే ఎక్కువ చురుకు. మోనో అమ్మోనియం ఫాస్ఫేట్ ఉన్నది ఏబీసీ పొడి, చెక్క ప్యాలెట్లు, కార్టన్లు కూడా ఉన్న చోట పనికొస్తుంది. బీసీ పొడికి ఐఎస్ 4308, ఏబీసీకి ఐఎస్ 14609 గుర్తు చూడండి. ఎక్కడి నుంచైనా 15 మీటర్లలోపు చేతికి అందేలా ఎక్స్‌టింగ్విషర్లు, అన్‌లోడింగ్ దగ్గర 50 లేదా 75 కిలోల ట్రాలీ ఒకటి పెట్టండి. ఆరు కిలోల సిలిండర్ ఇరవై సెకన్లలోపే ఖాళీ అవుతుంది. అందుకే రెండేసి పెట్టాలి, ఇద్దరు మనుషులు ఉండాలి.

ఏబీసీ పొడి ఆమ్ల గుణం, బైకార్బనేట్ క్షార గుణం. ఒకే సిలిండర్‌లో రెండూ కలిస్తే వాయువు పుట్టి ప్రెషర్ పెరుగుతుంది, పొడి గడ్డకడుతుంది. రీఫిల్లింగ్ వాడు పాత పొడి పూర్తిగా దులపకుండా కొత్తది పోస్తాడేమో దగ్గరుండి చూసుకోండి. ఒక చోట నేను తెరిచి చూసిన సిలిండర్‌లో పొడి బెల్లం ముద్దలా ఉంది. బయట ట్యాగు మీద మాత్రం ఆ నెల తేదీ!

మండుతున్న గ్యాస్ లీకును వాల్వు మూయకుండా డీసీపీతో ఆర్పకండి. మంట పోతుంది, గ్యాస్ వస్తూనే ఉంటుంది. పోగైన గ్యాస్ పేలుతుంది.

*మూసిన సాల్వెంట్ గదులు.* ఇక్కడ కార్బన్ డయాక్సైడ్ లేదా జడవాయువు (మండని, మంటకు తోడ్పడని వాయువు). లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. గది పొడవు, వెడల్పు ఐదేసి మీటర్లు, ఎత్తు నాలుగు, మొత్తం 100 ఘనపు మీటర్లు. అమెరికా అగ్నిరక్షణ ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 12 ప్రకారం ఈ సైజు గదికి, 34 శాతం గాఢతకు, ఘనపు మీటరుకు 0.90 కిలోలు, అంటే 90 కిలోలు. 45 కిలోల సిలిండర్లు రెండు. కానీ గదిలో మెథనాల్ ఉంటే 40 శాతం కావాలి. దానికి దాదాపు 1.23 రెట్లు, అంటే 111 కిలోలు, మూడు సిలిండర్లు. ‘సాల్వెంట్ రూమ్’ అని మాత్రమే రాసి కొటేషన్ అడిగితే రెండు సిలిండర్ల ధరే వస్తుంది. ద్రవం పేరు రాసి ఇవ్వండి.

అదే గదికి ఐజీ-541 పెట్టాలనుకోండి. నైట్రోజన్ 52, ఆర్గాన్ 40, కార్బన్ డయాక్సైడ్ 8 శాతం ఉన్న మిశ్రమం ఇది. గాఢత 40 శాతం కావాలనుకుంటే సుమారు 51 ఘనపు మీటర్ల వాయువు. 80 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ దగ్గర 16 ఘనపు మీటర్లు పడతాయి, కాబట్టి నాలుగు సిలిండర్లు. ధర ఎక్కువ, చోటు ఎక్కువ. లాభమేమిటంటే సరైన డిజైనులో మనిషి బయటికి వచ్చే వ్యవధి ఉంటుంది. అంత వాయువు ఒక్కసారి వస్తే గోడ పగలకుండా ప్రెషర్ వదిలే ఫ్లాపు కూడా ఉండాలి. ఈ అంకెలన్నీ వెండర్ లెక్కను సరిచూసుకోవడానికే. ఫైనల్ డిజైను క్వాలిఫైడ్ ఇంజినీరు చేతే చేయించండి.

గది ఎంత గట్టిగా మూసి ఉంటుందన్నదే అసలు పరీక్ష. ఎగ్జాస్ట్ ఫ్యాను, ఏహెచ్‌యూ (గదికి గాలి పంపే యంత్రం) డ్యాంపర్లు గ్యాస్ వదిలే ముందే మూతపడాలి. కేబుల్ రంధ్రాలు పూడ్చి, తలుపులో ఫ్యాను బిగించి గది ఎంత లీకవుతోందో కొలిచే డోర్ ఫ్యాన్ టెస్ట్ చేయించండి. కనీసం పది నిమిషాలు గాఢత నిలవాలన్నది మామూలు లెక్క.

మంట లేని చోట, ఆవిరి నిండిన ట్యాంకును ‘సేఫ్’ చేద్దామని కార్బన్ డయాక్సైడ్ వదలకండి. వేగంగా వచ్చే మంచు కణాలు స్టాటిక్ పుట్టిస్తాయి. 1954లో జర్మనీలోని బిట్‌బుర్గ్‌లో విమాన ఇంధన ట్యాంకు మీద ఇదే వ్యవస్థను పరీక్షిస్తుండగా ట్యాంకు పేలి చాలామంది చనిపోయారు. ముందస్తు రక్షణకు నైట్రోజన్‌ను మెల్లగా పంపాలి.

*ప్యానెల్ రూములు.* కార్బన్ డయాక్సైడ్, లేదా మూసిన చిన్న ప్యానెళ్లలో పొటాషియం ఏరోసాల్ (పొగలా వచ్చే సన్నటి పొటాషియం లవణ కణాలు). ఏబీసీ పొడి మాత్రం ఇక్కడ వద్దు. మంట ఆరినా ఆ పొడి తేమతో కలిసి సర్క్యూట్ కార్డులను తినేస్తుంది. ఏరోసాల్ బయటికి వచ్చేటప్పుడు వేడిగా ఉంటుంది కాబట్టి సాల్వెంట్ ఆవిరి చేరే చోట దాన్ని బిగించకండి.

*సోడియం, లిథియం అల్యూమినియం హైడ్రైడ్, బ్యూటైల్ లిథియం ఉన్న స్టోరు.* ఇక్కడ నీళ్లు, ఫోమ్, కార్బన్ డయాక్సైడ్ ఏవీ పనికిరావు. లోహపు మంటల కోసం ఐఎస్ 4861 పొడి విడిగా ఉంటుంది. చిమ్మకుండా మెల్లగా కప్పాలి. పొడి ఇసుక కూడా పనికొస్తుంది, కానీ నిజంగా పొడిగా ఉండాలి. వర్షాకాలంలో విశాఖ వైపు ఆరుబయట వేలాడే ఎర్ర బకెట్లో చెయ్యి పెట్టి చూడండి. తడి ఇసుక, పాన్ ఉమ్ములు, బీడీ ముక్కలు. మండే సోడియం మీద అది పోస్తే హైడ్రోజన్ పుడుతుంది. ఇసుకను మూతబిగించిన డబ్బాలో, లోపలే ఉంచండి.

ఆరో అడుగు: ఫ్లోరిన్ ఉచ్చులో మళ్లీ పడకండి

పీఫాస్ వద్దని ఫోమ్ తీసేసి, దాని బదులు ‘క్లీన్ ఏజెంట్’ (ఆర్పాక మరక మిగల్చని వాయువు మందు) కొనడం చూస్తుంటాం. ఎఫ్ఎం-200 అనే హెచ్‌ఎఫ్‌సీ-227ఈఏ భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్ కంటే మూడు వేల రెట్లకు పైనే. ఇలాంటి వాయువులను క్రమంగా తగ్గించాలనే కిగాలీ సవరణను మన దేశం 2021లో ఆమోదించింది, దాని పరిధిలో అదీ ఉంది. త్రీఎమ్ తెచ్చిన ఇంకో క్లీన్ ఏజెంట్ నోవెక్ 1230 వాతావరణానికి మేలే కానీ, ఓఈసీడీ (ఆర్థిక సహకార దేశాల సంస్థ) 2021 నిర్వచనం చూస్తే అదీ పీఫాస్ కుటుంబమే. 2025 చివరికి పీఫాస్ తయారీ నుంచి తప్పుకుంటానని త్రీఎమ్ 2022లో ప్రకటించింది. ఆ మందును వేరే కంపెనీలు అమ్ముతాయి. సర్వర్ రూముకు కొంటే కొనండి, కానీ ‘పీఫాస్ లేని ప్లాంటు’ అని బోర్డు పెట్టకండి.

ఏడో అడుగు: గ్యాస్ వదిలే గదిలో మనిషి

కార్బన్ డయాక్సైడ్ పది శాతం చేరితే నిమిషాల్లో స్పృహ తప్పుతుంది. మంటలు ఆర్పే 34 శాతంలో కొన్ని శ్వాసలకే మనిషి కూలిపోతాడు. గాలి కంటే బరువు కాబట్టి పక్క సెల్లారులోకి, కేబుల్ ట్రెంచులోకి పాకుతుంది. వదిలే ముందు సైరన్, అందరూ బయటపడేంత ఆలస్యం, లోపల పనిచేసేటప్పుడు వేసే లాకౌట్ వాల్వు లేకపోతే వ్యవస్థను చార్జ్ చేయనివ్వకండి. వాల్వు తాళంచెవి లోపల పనిచేస్తున్న వాడి జేబులోనే ఉండాలి. బోర్డులు తెలుగు, హిందీ, ఒడియాలో రాయించండి. మన షెడ్లలో పనిచేసేవాళ్లలో చాలామందికి ఇంగ్లిషు బోర్డు అలంకారమే.

ఎనిమిదో అడుగు: నీళ్లు వదులుకోలేని చోట్లు

పెద్ద ట్యాంకు పైభాగమంతా మండుతుంటే దాన్ని ఆర్పే నీళ్లు లేని మందు ఇప్పటికి లేదు. అక్కడ ఫ్లోరిన్ లేని ఫోమ్‌కు మారాలి. అదీ పాత పైపులో పోసేస్తే సరిపోదు, ప్రపోర్షనర్ (ఫోమ్ మందును నీళ్లలో సరైన పాళ్లలో కలిపే పరికరం), నాజిల్, పోసే రేటు మళ్లీ పరీక్షించాలి. పక్క ట్యాంకులను చల్లబరిచే నీళ్లు ఎలాగూ ఉండాలి. ఆయిల్ డిపోల్లో, మన చమురు పరిశ్రమ భద్రతా సంస్థ ప్రమాణం ఓఐఎస్‌డీ 117 ప్రకారం చదరపు మీటరుకు నిమిషానికి మూడు లీటర్లు. ఎల్పీజీ స్పియర్లకైతే (గోళాకారపు ట్యాంకులకు) 10.2 లీటర్లు.

ఎల్‌ఎన్‌జీ (అతి చల్లగా చేసి ద్రవంగా మార్చిన సహజవాయువు) లీకైతే చేరే గుంటల విషయంలో ఒక చక్కటి ఉపాయం ఉంది. మైనస్ 162 డిగ్రీల ద్రవం మీద నీళ్లు పడితే ఇంకా ఎక్కువ మరుగుతుంది. అందుకని నురగలా గాలి గదులున్న గాజు దిమ్మలను ముందే గుంటలో పోసి ఉంచుతారు. లీకైన ద్రవం మీద అవి తేలి, మంట వేడిని బాగా తగ్గిస్తాయి. దానికి పంపూ అక్కర్లేదు, మనిషీ అక్కర్లేదు. మంటను పూర్తిగా ఆర్పవు, ఆ పనికి మళ్లీ డీసీపీయే.

తొమ్మిదో అడుగు: కాగితాలు

ఫైర్ ఎన్‌వోసీలో, ఫ్యాక్టరీల శాఖ ఆమోదించిన ప్లానులో, ఇన్సూరెన్స్ పాలసీలో ఫోమ్ అని రాసి ఉంటే, ముగ్గురి నుంచీ రాతపూర్వక అనుమతి వచ్చేదాకా ఒక్క డ్రమ్మూ కదపకండి. కొత్తది పనిచేస్తుందని పరీక్షించాకే పాతది ఆపాలి.

పదో అడుగు: డ్రిల్లు, నిర్వహణ, ఆ తర్వాత పాత ఫోమ్

కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లను తూకం వేయండి. పది శాతం బరువు తగ్గితే రీఫిల్లే. ప్రెషర్ గేజీ ఉండదు కాబట్టి కంటితో చూసి తెలిసేది కాదు. డీసీపీ సిలిండర్లను మూడు నెలలకోసారి తలకిందులు చేసి లోపలి పొడి కదులుతోందో చూడండి. తీరప్రాంతపు తేమలో ఇంకా తరచుగా.

డ్రిల్లు నిజమైన మంటతో చేయించండి. గాలి వీపు వైపు ఉండాలి, రెండు రెండున్నర మీటర్ల దూరం నుంచి మంట మొదలు దగ్గర కొట్టాలి, నాజిల్‌ను అటూ ఇటూ ఊపాలి. ఆరాక వీపు తిప్పకుండా వెనక్కి అడుగులు వేయాలి. రెండోవాడు నిండు సిలిండర్‌తో పక్కనే నిలబడి ఉండాలి. కాంట్రాక్టు కూలీలకు కూడా సిలిండర్ చేతికివ్వండి. లీకు దగ్గర మొదట ఉండేది వాళ్లే.

ఇక పాత ఏఎఫ్ఎఫ్ఎఫ్. ‘చివరిసారి టెస్ట్ చేద్దాం’ అని డ్రెయిన్‌లోకి వదలొద్దు. ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధిచేసే ఈటీపీకి పీఫాస్‌ను విరగగొట్టే శక్తి లేదు. డ్రమ్ములకు లేబుల్ వేసి, కాలుష్య నియంత్రణ మండలికి తెలిపి, వాళ్లు చెప్పిన ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే పంపండి. అది పీఫాస్‌ను ఏ పద్ధతిలో నాశనం చేస్తుందో రాతలో అడగండి. ట్యాంకు, పైపు గోడలకు పాత మందు అంటుకుని ఉంటుంది కాబట్టి కడిగిన నీళ్లనూ అదే లెక్కలో డ్రమ్ముల్లో పట్టాలి. ఒకసారి కడిగితే పోదు, కడిగిన నీళ్ల శాంపిల్ ల్యాబుకు పంపి, ఫలితం వచ్చాకే ఆ లైను మూసేయండి.